సంపూర్ణమ్మ తీసుకోని గిన్నె

ఆ ఆదివారం పొద్దున సంపూర్ణమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. చెంబు ఎప్పటిలాగే జారుతోంది. కాలరు దగ్గర ఎప్పటిలాగే రెండుసార్లు తిరిగింది. మాట మాత్రం లేదు.

"ఏమే, గొంతు పోయిందా?" అన్నాడు ఇశ్రాయేలు గడ్డం గీసుకుంటూ.

"ఇంటికి మీ గొంతుందిగా, చాలదూ?"

అరుగు మీద అతని తల్లి అమలమ్మ బోసినోటితో నవ్వింది. "నా కోడలు ఇవాళ మిరపకాయ నమిలినట్టుందిరా అబ్బాయ్!"

అతను పట్టించుకోలేదు. కంకిపాడు దగ్గర కాలవ కింద రెండెకరాల కౌలురైతు. అంతకంటే ముఖ్యం, ఊరి చర్చిలో సంఘపెద్ద. మగవాడు ఇంటికి శిరస్సు, ఆడది లోబడి ఉండాలని ప్రతి పెళ్లిలోనూ కొత్తజంటకి చెప్పేది అతనే. రోజూ తెల్లారి కుటుంబ ప్రార్థనలో బైబిలు అతనే తెరుస్తాడు, అతనే మూస్తాడు, అతనే గూట్లో పెడతాడు. అతను చదివింది ఐదు, సంపూర్ణమ్మ చదివింది ఎనిమిది. అయినా పదిహేనేళ్ల కాపురంలో ఆమె ఆ పుస్తకం తెరవలేదు. ఆ ఇంటి పద్ధతి అది.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, ప్రభువు చివరి విందును తలుచుకునే ఆరాధన. పాస్టరు అయ్యగారు రొట్టె ఇచ్చాక, ద్రాక్షరసం పోసిన చిన్నచిన్న గిన్నెల పళ్లెం పట్టుకుని చాపల మధ్య తిరగాల్సింది సంఘపెద్ద. మనసులో ఎవరి మీదైనా కోపం పెట్టుకున్నవాళ్లు ఆ గిన్నె ముట్టరు. అలా ముట్టనివాళ్ల ఇంటికి మర్నాడు పెద్ద వెళ్లి విచారించాలి. ఊళ్లో ఎన్నో ఆలుమగల తగువులు ఇశ్రాయేలు అలాగే తీర్చాడు.

మగవాళ్ల వైపు అయిపోయింది. ఆడవాళ్ల వైపు మూడో చాప మీద, పన్నెండేళ్ల కూతురు మార్త పక్కన, సంపూర్ణమ్మ ముసుగు నుదుటిదాకా లాక్కుని కూర్చుంది. ఇశ్రాయేలు పళ్లెం వంచాడు. ఆమె చేతులు ఒళ్లోంచి కదల్లేదు. కళ్లు మూసుకుని ప్రార్థించుకుంటోందేమో అని ఆగాడు. ఆమె తలెత్తి నేరుగా అతన్ని చూసింది. తల అడ్డంగా ఊపింది.

పళ్లెంలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పాట పాడుతున్నవాళ్లు పాట ఆపేశారు. తర్వాతి మనిషికి పళ్లెం ఎలా అందించాడో, మిగతా చాపలు ఎలా తిరిగాడో అతనికి తెలీదు.

ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పలేదు.

"ఊరందరి ముందు నా పరువు తీశావు!"

"తీసుకుంటే మీ పరువు నిలబడేది. అబద్ధం నా గొంతులో దిగేది."

"నీకెవరి మీదే అంత కోపం?"

"నిన్న కాలవగట్టు మీద పోస్టుమాన్ జక్కయ్య కనపడ్డాడు. 'ఏమ్మా, బాలవాడి పంతులమ్మ ఉద్యోగంలో చేరలేదేం? కవరు మీ ఆయన చేతికిచ్చి రెండు నెలలైందే' అన్నాడు."

ఇశ్రాయేలు గూటివైపు ఓసారి చూశాడు. ఏప్రిల్లో కంకిపాడులో ఇంటర్వ్యూకి ఆమెను బస్సెక్కించి తీసుకెళ్లింది తనే. ఉద్యోగం రాదులే అన్న ధైర్యంతోనే తీసుకెళ్లాడు.

"పెళ్లాం జీతం తింటున్నాడంటారు ఊళ్లో. ఇల్లెవరు చూస్తారు, పాడెవరు చూస్తారు? నేనింటికి శిరస్సును. ఆలోచించే చేశాను."

"వద్దనుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని మార్త నాన్నా. మీరు వద్దనలేదు." ఆమె గొంతు పెరగలేదు. "సైకిలు బెల్లు వినపడ్డప్పుడల్లా పేడచేతులతో గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. మీరు మంచం మీద కూర్చుని చూసేవారు. ఓరోజు 'రేపొస్తుందేమోలే' అని ఓదార్చారు కూడా."

ఆ మాట అన్నట్టు అతనికి గుర్తే. అన్నప్పుడు అదేమంత పెద్ద మాటనిపించలేదు.

"ఎక్కడుందా కవరు?" అంది ఆమె.

అతను గూటి దగ్గరికి వెళ్లాడు. బైబిలు తీసి తెరిచాడు. మధ్య పేజీల్లోంచి ఖాకీరంగు కవరు బయటికి తీశాడు.

"నాన్నా! అందులోనా?" అంది మార్త నోటికి చెయ్యడ్డం పెట్టుకుని.

సంపూర్ణమ్మ కవరు అందుకుని నేల మీద కూర్చుంది. "రోజూ ఆ పుస్తకం మీద చెయ్యేసి నాకోసం ప్రార్థన చేశారు కదండీ. ఇది లోపల పెట్టుకునే చేశారా?"

ఇంట్లో ఇంకెవరూ తెరవని చోటని మాత్రమే అందులో పెట్టాడు. ఆమె నోట విన్నాక, తను ఏం చేశాడో అతనికి అప్పుడే మొదటిసారి కనపడింది.

ఆమె ఉత్తరం చదువుకుంది. జూన్ పదిహేనులోగా చేరాలని ఉంది. అప్పటికి ఆగస్టు వచ్చేసింది. మడతపెట్టి కొంగున కట్టుకుంది.

అమలమ్మ అరుగు దిగి లోపలికొచ్చింది. "మీ నాన్న నన్ను తిట్టాడు, కొట్టాడు. దానికెలా ఏడవాలో నాకు తెలుసు. ఇలాంటి మోసానికి ఎలా ఏడవాలో నీ పెళ్లానికైనా తెలుసో లేదోరా."

మర్నాడు సంఘపెద్ద విచారణకు పోవాల్సిన రోజు. ఇశ్రాయేలు అయ్యగారింటికి పోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"విచారించాల్సిన ఇల్లు నాదే అయ్యగారూ. విచారించాను. తప్పు మగవాడిది." జరిగిందంతా చెప్పాడు.

అయ్యగారు లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. "బైబిల్లో మొగుడికి మాదిరిగా ఎవర్ని చూపించారు ఇశ్రాయేలూ? తనవాళ్లకోసం ప్రాణం పెట్టిన ప్రభువుని. నీకు శిరస్సన్న మాటొక్కటే వినపడింది."

మంగళవారం భార్యాభర్తలిద్దరూ కంకిపాడు ఆఫీసుకు పోయారు. బస్సులో ఆమె కిటికీలోంచి నాట్లు చూస్తూ కూర్చుంది. ఆ ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిపోయింది. "ఇన్నాళ్లూ నిద్రపోయావా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆమెకు తెలీదండీ. ఉత్తరం దాచింది నేను," అన్నాడు ఇశ్రాయేలు అందరికీ వినపడేలా. బెంచీల మీద వాళ్లు తిరిగి చూశారు. సంపూర్ణమ్మ కూడా చూసింది. గుమాస్తా కాస్త మెత్తబడి, జనవరిలో ఇంకో జాబితా వేస్తారు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నాడు. ఆమె రాస్తున్నంతసేపూ అతను గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి అదే మాట మళ్లీ చెప్పాడు. ఆమె తనకు లోబడలేదని ఎవరూ అనుకోవద్దన్నాడు. పెద్దరికం వదులుకుని వెనకచాప మీదకి పోయి కూర్చున్నాడు.

ఆ మర్నాడు ప్రార్థన వేళ బైబిలు ఆమె చేతికిచ్చాడు. "నువ్వు చదువు సంపూర్ణం. నాకన్నా మూడు క్లాసులు ఎక్కువ." ఆమె పుస్తకాన్ని ఒకసారి తిరగేసి దులిపింది. అందులోంచి ఏమీ రాలలేదు. చదివింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం కొత్తగా సంఘపెద్ద అయిన అంతోని పళ్లెం పట్టాడు. ఈసారి ముందు ఆడవాళ్ల వైపు తిరిగాడు. సంపూర్ణమ్మ గిన్నె తీసుకుంది. ఇశ్రాయేలు ఊపిరి వదిలాడు. కానీ ఆమె తాగలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

పళ్లెం వెనకచాపకి వచ్చింది. అతని చెయ్యి ముందుకు రాలేదు. తీసుకునే అర్హత ఇంకా రాలేదనుకున్నాడు. అంతోని ముందుకు జరగబోయాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి సంపూర్ణమ్మ ముసుగు కాస్త వెనక్కి జరిపి అతని వైపు చూసింది. తీసుకోండి, అన్నట్టు తలూపింది.

అతను తీసుకున్నాడు. గిన్నె పెదాలకు ఆనేదాకా ఆమె ఆగింది. అప్పుడు తాగింది.

ఇశ్రాయేలుకు చర్చి గోడలు మసకబారాయి. అన్నేళ్లు పళ్లెం పట్టుకుని తిరిగినా, ఆ చిన్న గిన్నె అంత బరువుంటుందని అతనికి ఆరోజే తెలిసింది.