వీధి వైపు తెర

తాత ఒక్కె చేతిలో మింకె ఆటలో మళ్ళీ ఓడిపోబోతుండగా, కంప్యూటర్ తెర మూలన తన బొమ్మ కనిపించే చిన్న చట్రంలో, ఆమె భుజం వెనక ఒక మగమనిషి కనిపించాడు.

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు. ఆ మనిషి ఎదురింటి కిటికీలో ఉన్నాడు. రెండు చేతులతో ఒక అట్టముక్క పైకెత్తి పట్టుకున్నాడు. దాని మీద లావుపాటి అక్షరాలతో, 27 నుంచి 21కి, అని రాసి ఉంది.

తాతా మనవరాలూ సాయంత్రాలు కంప్యూటర్‌లో డామెన్ ఆడుకుంటారు. నలుపు తెలుపు గళ్ళ మీద బిళ్ళల్ని దూకించే ఆట అది. ప్రతి గడికీ ఒక నంబరు ఉంటుంది. తాతది టెర్‌స్కెలింగ్ దీవి. మింకె సముద్రానికి ఇవతల హార్లింగెన్‌లో, పడవ టికెట్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఒకే రకం కంప్యూటర్లు రెండు తాతే కొన్నాడు. కింద డబ్బా ఉండదు, తీగల చిక్కు ఉండదు. పెద్ద తెర, అదే కంప్యూటరు. కెమెరా, స్పీకర్లు అందులోనే. గోడకి ఒక్క ప్లగ్గు పెడితే చాలు. పెట్టె విప్పిన రోజున తాత, మిగతా సగం పంపడం మరిచిపోయారని దుకాణం వాళ్ళతో పోట్లాడాడు కూడా.

మింకె ఆట వైపు తిరిగి చూసుకుంది. ఆ ఎత్తు వేస్తే తాత బిళ్ళలు వరసగా మూడు పోతాయి. అంత మంచి ఎత్తు కావడంతో ఆమెకు ఇంకా మండింది. కావాలనే వేరేది వేసి, ఓడిపోయి, తాతకి సెలవు చెప్పి, వానలో వీధి దాటింది. రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు వీధి అది.

తలుపు తీసినవాడి చేతిలో అట్టముక్క ఇంకా అలాగే ఉంది.

"మీరు మా ఇంట్లోకి చూస్తున్నారు," అంది మింకె.

"వచ్చినప్పట్నుంచీ చూస్తున్నానండీ," అన్నాడతను, దాచుకోకుండా. "మీరు ఎడమ పక్క ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తారు. చూసి చూసి నాకు తిండి సయించడం లేదు."

"ఈ ఊళ్ళో ఒకరి కిటికీలోకి ఒకరు చూడరు."

"మరి కర్టెన్లు వేసుకోరేం?"

"వేసుకుంటే ఏదో దాస్తున్నామనుకుంటారు."

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అంటే మీరు దాచకూడదు, నేను చూడకూడదు. అంత పెద్ద తెర పెట్టి, దీపాలన్నీ వేసి, నా ముక్కు ముందు తప్పు మీద తప్పు చేస్తుంటే నేనేం చెయ్యాలి?"

"మర్యాద తెలిసినవాళ్ళు తల తిప్పుకుంటారు."

అతని పేరు గీల్. దేశానికి ఆ చివర, దక్షిణాన లింబుర్గ్ నుంచి వచ్చాడు. అక్కడ పొద్దు వాలితే కిటికీ రెక్కలు మూసేస్తారట. తెరిచి ఉంచారంటే పలకరించమని అర్థమట. ఇక్కడ పడవల కార్ఖానాలో రంగులు వేస్తున్నాడు. పని నచ్చి యజమాని ఇక్కడే ఉండిపొమ్మన్నాడు, శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. ఇదంతా గుమ్మంలో నిలబడే చెప్పాడు. అతని మోచేతి మీద నీలం రంగు మరక ఉందని మింకె గమనించింది, గమనించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఉండాలో వెళ్ళాలో తేలక కొట్టుకుంటున్నాను," అన్నాడు గీల్. "తేల్చుకోవడానికి మీరు సాయం చేశారు. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఊళ్ళో నేనేం బతుకుతాను?"

తలుపు మాత్రం మెల్లగానే వేసుకున్నాడు.

ఇంటికి వచ్చిన మింకె బల్లని గది ఆ చివరికి జరిపి, కంప్యూటర్‌ని వెనక్కి తిప్పేసింది. ఇప్పుడు వీధికి దాని తెల్లటి వీపు తప్ప ఏమీ కనిపించదు. పీడ విరగడైందనుకుని కుర్చీలో కూర్చుంది. అప్పుడు తెలిసింది ఇబ్బంది. ఇన్నాళ్ళూ ఆమె వీపు కిటికీ వైపు ఉండేది. ఇప్పుడు ముఖం ఉంది. తెర అంచు దాటి చూపు కాస్త జారితే చాలు, గీల్ ఇల్లు మొత్తం ఎదురుగా ఉంటుంది.

మర్యాద తెలిసిన మింకె తల తిప్పుకోలేకపోయింది.

గీల్ కూడా మర్యాద నేర్చుకున్నాడు. కుర్చీ తిప్పుకుని, కిటికీకి వీపు పెట్టి, గోడని చూస్తూ తింటున్నాడు. గిన్నె కడగడానికి వెళ్ళినా పక్కపక్కగా, పీతలా నడుస్తున్నాడు. మింకెకి నవ్వొచ్చింది. మర్నాడు కూడా అతను అలాగే తింటుంటే నవ్వు రాలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఒక్కడే, గోడకి గోడు చెప్పుకుంటూ తింటున్నట్టుంది.

పక్కింటావిడ డీవెర్ నారింజ పూత కేకు పట్టుకుని వచ్చింది. ఆవిడ జన్మలో ఎవరి కిటికీలోకీ చూడలేదని ఊరందరికీ చెబుతుంది. ఆ అబ్బాయి గోడ చూస్తూ ఎందుకు తింటున్నాడు, నువ్వేమన్నావమ్మా, అని అడిగింది. నిన్న ఒక్క బంగాళాదుంప వదిలేశాడంది. అతను పెట్టె సర్దుతున్నాడని, రేపు కార్ఖానాలో వద్దని చెప్పేస్తాడని కూడా ఆవిడే చెప్పింది. రేపే శుక్రవారం.

ఆ సాయంత్రం మింకె డామెన్‌లో తాతని ఓడించింది. చాలా నెలల్లో ఇదే మొదటిసారి. గెలిచాక కూడా ఆమె ముఖం విప్పారలేదు. ఓడిన తాత మాత్రం గడ్డం గోక్కుంటూ కెమెరాకి బాగా దగ్గరకొచ్చాడు.

"ఇది ఆటే కాదు. ఆ కుర్రాణ్ణి ఏం చేశావ్?" అన్నాడు.

"ఏ కుర్రాడు తాతా?"

"నీ వెనకాల కిటికీలో ఉండేవాడే. ఇప్పుడు ఉత్త గోడ కనిపిస్తోంది. నువ్వు మంచి ఎత్తు వెయ్యబోతే తల ఊపేవాడు. పాడు ఎత్తు వెయ్యబోతే రెండు చేతుల్తో నెత్తి పట్టుకునేవాడు. అతన్ని చూసుకునే కదే నేను ఆడేది."

మింకె కుర్చీలో ముందుకి వంగింది. "ఇన్నాళ్ళూ నువ్వు గెలిచింది అలాగా?"

"ఇంత పెద్ద తెర ఊరికే కొన్నాననుకున్నావా? కానీ ఒకటి చెప్పనా. నువ్వు ఓడిన ప్రతిసారీ వాడి ముఖం నీకంటే ఎక్కువ వాడిపోయేది. నాకు తెగ నచ్చాడు. ఒక్కసారి ఇటు తీసుకురా, మాట్లాడతాను."

"వెళ్ళిపోతున్నాడు తాతా. నేనే వెళ్ళేలా చేశాను."

"అయితే నన్నే అక్కడికి తీసుకెళ్ళు."

మింకె లేచింది. రెండు చేతులా కంప్యూటర్‌ని ఎత్తింది. ప్లగ్గు ఊడి, తాత నోరు తెరిచి ఉండగానే మాయమైపోయాడు. అయినా దింపలేదు. తీగని మెడలో వేసుకుని, తెరని గుండెకి ఆనించుకుని, తుంపరలోనే వీధి దాటి మోకాలితో తలుపు తట్టింది.

తలుపు తీసిన గీల్ ముందు తెరని చూశాడు, తర్వాత దాని మీదుగా ఆమెని చూశాడు, వెంటనే తల తిప్పుకున్నాడు.

"తల ఇటు తిప్పండి. ప్లగ్గు ఎక్కడుంది? బరువుగా ఉంది," అంది మింకె.

అతని బల్ల మీద సగం సర్దిన పెట్టె ఉంది. గీల్ దాన్ని నేల మీదికి నెట్టి చోటు చేశాడు. ఇరుకు వీధి కాబట్టి మింకె ఇంటి వైఫై అక్కడికీ అందింది. తాత అప్పటికే పిలుస్తున్నాడు, గంట మోగుతూనే ఉంది. ఆమె బటన్ నొక్కింది గానీ, ముందు చెప్పాల్సింది చెప్పేయాలన్న తొందరలో తెర వెనక్కి వాలిపోవడం చూసుకోలేదు.

"మీరు పీతలా నడుస్తుంటే నాకు తిండి సయించడం లేదు," అంది. "రోజూ చూశాను. కంప్యూటర్ తిప్పింది మీరు చూడకూడదని. తిప్పాక చూసిందంతా నేనే. రేపు వద్దని చెప్పకండి." ఆగి, మెల్లగా, "వెళ్ళకు," అంది.

గీల్ పొయ్యి దగ్గరికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టాడు. అలమారా తెరిచి, లోపలికి చూస్తూ నిలబడిపోయాడు.

"ఒక్కటే కప్పు ఉంది," అన్నాడు. "ఎన్నాళ్ళుంటానో తెలియక ఇంకోటి కొనలేదు." ఆమె వైపు తిరిగాడు. తల ఎటూ తిప్పుకోలేదు. "రేపు కార్ఖానాకి వెళ్ళి ఉంటానని చెప్పి, వచ్చేటప్పుడు కొంటాను. నీకు ఎలాంటిది కావాలి?"

"పెద్దది," అంది మింకె.

"ఏమైందే అక్కడ?" అని తెరలోంచి తాత అడుగుతున్నాడు. "నాకు పైకప్పు తప్ప ఏం కనిపించడం లేదు. ఉంటాడా, వెళ్తాడా? ఉంటే నాకు సంతోషమని చెప్పు. పడవెక్కి ఆదివారం భోజనానికి రమ్మని చెప్పు. ముందు ఈ కెమెరా కాస్త కిందికి వంచండి, ఎవరైనా."

చాలాసేపు దాన్ని ఎవరూ వంచలేదు.