కొవ్వొత్తి ఆరిన నేలమాళిగ

మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి భయపడేవాళ్ళకు మధ్యాహ్నం సంగతి తెలియదు. సూర్యుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోయే ఆ వేళ కూడా క్షుద్రశక్తులదేనని పెద్దలు ఊరికే అనలేదు. అందులోనూ అది శుక్రవారం... బహుళాష్టమి... ఆగస్టు నెల! దోహా నగరం కొలిమిలా భగభగమంటోంది. జుమ్మా నమాజు వేళ కావడంతో ఉమ్ ఘువైలినా పేటలో షట్టర్లన్నీ దిగి ఉన్నాయి. వీధుల్లో నరసంచారం లేదు. వాయవ్యం నుంచి లేచిన ఇసుకగాలి మాత్రం దిక్కులేని ప్రేతంలా సందుసందునా ఊళలు వేస్తోంది...

ఆ గాలికి చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ధాత్రి కారు దిగింది. దిగి, అక్కడే నిలబడిపోయింది.

"వద్దు సిద్ధూ. ఊరు వెతుక్కుంటూ వెళ్దాం. దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. పోయినవాళ్ళని పిలవకూడదంటారు."

"ఏం గాదు. అరగంట పని," అన్నాడు సిద్ధార్థ్. "ఊరి పేరు తెల్వకుండ రూటు ఎట్ల గీయాలె? హోటల్ ఎక్కడ బుక్ చేయాలె?"

ఆ ఒక్క మాటకు అతను తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో!

సిద్ధార్థ్‌ది హైదరాబాదు. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో కెమిస్టు. పదకొండేళ్ళుగా దోహా పక్కనున్న అల్ వక్రాలో కాపురం. అతనికున్న వ్యసనం ఒకటే, బీరు. తాగుబోతు కాదు. పర్మిట్ మీద దొరికే నాలుగు సీసాలనే నెలంతా దాచుకుని, ఒక్కో గుక్కకూ ఒక్కో పేజీ రాసుకునే రకం. ఏ ఊరి నీళ్ళు, ఏ పొలం బార్లీ, ఎన్ని రోజులు పులియబెట్టారు... అవన్నీ అతనికి శాస్త్రం. సెప్టెంబరు సెలవుల్లో యూరప్ వెళ్దామని మ్యాపు మీద పంతొమ్మిది బీరు బట్టీలకు ఎర్రచుక్కలు పెట్టుకున్నాడు.

ధాత్రి అడిగింది ఒకే ఒక్క చుక్క. అది ఆమె ముత్తవ్వ పుట్టిన ఊరు.

కాకినాడలో పుట్టిన ఆమె ముత్తాత వందేళ్ళ కిందట ఓడెక్కి, బీరు తయారీ నేర్చుకోవడానికి బొహీమియా దేశం వెళ్ళాడు. బట్టీ యజమాని కూతురు బార్బొరాను ప్రేమించాడు. ఏడాది బిడ్డను ఒక్కడినే చంకనేసుకుని తిరిగొచ్చాడు. "తల్లి వెనకాల ఓడలో వస్తుంది," అని అందరికీ చెప్పాడు. ఆమె రాలేదు. ఆయన పిలవలేదు. ఆ పిల్లికళ్ళ బిడ్డే ధాత్రి తాతయ్య. ఊరి పేరు ముత్తాతతోపాటే చితిలో కాలిపోయింది. ఇంట్లో మిగిలింది పీపాల ముందు నిలబడిన ఒక అమ్మాయి ఫొటో, అంతే.

వీసా కాగితాల్లో ఊళ్ళన్నీ రాయాలి. గడువు దగ్గర పడింది. ఆ తొందరలోనే తెలుగువాళ్ళ విందులో ఎవరో చెప్పారు, రామచంద్రరావుగారని ఒకాయన ఉన్నాడనీ, ఎవరి వంశమైనా ఏడు తరాలు వెనక్కి చెప్పేస్తాడనీ.

నాలుగో అంతస్తు ఫ్లాటు తలుపు తీసిన మనిషి రిటైరైన హెడ్మాస్టరులా ఉన్నాడు. తెల్లని లాల్చీ, బంగారు ఫ్రేము కళ్ళజోడు, వెన్నపూస లాంటి మాట.

"రండమ్మా. ఎండలో పడి వచ్చారు, మజ్జిగ పుచ్చుకోండి."

కానీ లోపలి గది... ఓహ్! కిటికీలకు నల్లని దుప్పట్లు. నేల మీద కుంకుమ, సున్నం కలిపి గీసిన ఎర్రని వలయం. చెప్పుల స్టాండుకు పట్టుబట్ట కట్టి, దాని మెట్ల మీద కింది నుంచి పైదాకా వరసగా ఏడు దీపాలు. వలయం నడుమ కొబ్బరిచిప్పలా నల్లగా నున్నగా ఒక గిన్నె. సిద్ధార్థ్ దగ్గరికి వంగి చూశాడు. ఆ గిన్నె మీద సన్నని అతుకుగీతలున్నాయి... మనిషి పుర్రెకు ఉండే గీతలు!

"విమానాశ్రయంలో కొబ్బరిచిప్పేనన్నాను," అని ముసిముసిగా నవ్వాడు రామచంద్రరావు. "డబ్బు, ఫులూస్ నాకు అక్కర్లేదు బాబూ. అమ్మాయిని దీని మీద చెయ్యి పెట్టమను చాలు."

ధాత్రి చెయ్యి పెట్టింది. బీజాక్షరాలు మొదలయ్యాయి. గదిలో గాలి గడ్డకట్టింది. ఆమె కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి. ఆ పెదవుల నుంచి ఆమెది కాని గొంతు ఒకటి, లోతు బావిలో రాయి పడ్డట్టు పలికింది.

"లిపొవ్నా..."

"అదే ఊరు! రాసుకో బాబూ," అన్నాడు రామచంద్రరావు. ఆయన కళ్ళు పుర్రె లోపలికే చూస్తున్నాయి. "కనిపిస్తోంది... చిన్నది, పాతికేళ్ళు లేవు. బిడ్డ కోసం మూడేళ్ళు ఎదురుచూసింది. ఒకరోజు కొవ్వొత్తి పట్టుకుని బీరు పులిసే నేలమాళిగలోకి దిగింది. సగం మెట్ల మీద కొవ్వొత్తి ఆరిపోయింది... అయినా కిందికే దిగింది."

సిద్ధార్థ్‌కు సంగతి అర్థమైంది. బీరు పులిసేటప్పుడు పుట్టే వాయువు గాలి కంటే బరువు. నీళ్ళలా నేల మీద పేరుకుంటుంది. కొవ్వొత్తి ఆరిందంటే వెనక్కి పరుగెత్తాలని ఆ బట్టీల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బట్టీ యజమాని కూతురికి తెలియదా! తెలిసే దిగింది...

ఊరి పేరు దొరికింది. కానీ అల్ వక్రాకు తిరిగి వచ్చింది ధాత్రి ఒక్కతే కాదు!

మొదటి రోజు ఆమె అన్నం ముట్టలేదు. రెండో రోజు ఇంట్లో ఉన్న బార్లీ అంతా బాత్‌టబ్బులో నానబోసింది. మూడో రోజుకు అవి మొలకలెత్తాయి, ఇల్లంతా పులుపు వాసన కమ్ముకుంది. ఏసీ ఆపేసినా ఆమె ఒళ్ళు మాత్రం నేలమాళిగ గోడలా చల్లగా, చెమ్మగా ఉండేది. పిలిస్తే పలికేది కాదు. ఎవరు ఎదురుపడ్డా రెండు చేతులూ చాచి ఒకే మాట అడిగేది.

"గ్డే యే మూయ్ ఖ్లపెత్స్?"

రోజుకు వంద సార్లు! గోడలను అడిగేది, అద్దాన్ని అడిగేది. జవాబు రాకపోతే గోళ్ళతో గోడను రక్కేది. వేళ్ళ చివర రక్తం కారేది. నాలుగో రోజు సిద్ధార్థ్ ఫోన్లో అనువాదం యాప్ తెరిచి ఆమె నోటి దగ్గర పెట్టాడు. తెర మీద తెలుగు అక్షరాలు మెరిశాయి.

'నా బాబు ఎక్కడ?'

అతను వెంటనే రామచంద్రరావుకు ఫోను చేశాడు.

"భయపడకు బాబూ. వచ్చే శుక్రవారం అమావాస్య. మధ్యాహ్నం వేళకు తీసుకురా, దింపేస్తాను. ఆవిడ పుట్టింటి పానీయం ఒక సీసా తీసుకురా, మర్చిపోకు."

ఇంట్లో పనిచేసే నాగలక్ష్మి ఆ మాటలు వింది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. అంతవరకూ నోరెత్తనిది, ఆ రోజు ఎత్తింది.

"సార్, ఈమె చెడ్డ దయ్యం గాదు సార్. దిండును ఒళ్ళో పెట్టుకోని నిమురుతా ఉండాది సూడండి. నేనూ రెండేండ్ల బిడ్డను ఇడ్సిపెట్టి ఈ దేశానికి వచ్చినదాన్నే. నాకు తెలీదా? ఆయమ్మ అడుగుతాండేది ఒక్కటే మాట. జవాబు చెప్పేవాళ్ళు ల్యాక గదా తిరుగుతాండేది."

"చచ్చిపోయిన మనిషికి జవాబు నేనేం చెప్పాలె నాగలక్ష్మీ!" అని కసిరాడు సిద్ధార్థ్. భయం మనిషిని అలాగే మాట్లాడిస్తుంది.

అమావాస్య వచ్చింది. పొద్దున్నుంచే ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. పదకొండయ్యేసరికి ఇసుక తుపాను సూర్యబింబాన్ని మింగేసింది. పట్టపగలే చీకటి! కార్లన్నీ లైట్లు వేసుకుని పాములా పాకుతున్నాయి. వెనక సీట్లో ధాత్రి కిటికీ అద్దానికి నుదురు ఆనించి అదే ప్రశ్నను ఊపిరితో అడుగుతోంది.

రామచంద్రరావు ఈసారి లాల్చీలో లేడు. నల్లని పంచె, ఒంటినిండా బూడిద. వలయం చుట్టూ మేకులు దిగ్గొట్టిన నిమ్మకాయలు. ధాత్రిని వలయంలో తనకెదురుగా కూర్చోబెట్టి, తన నడుముకు కట్టుకున్న నల్లతాడు కొసను పుర్రెకు చుట్టాడు.

"ఇప్పుడు నేను కట్టుబడ్డాను. ముగింపు బీజం పలికేదాకా ఈ ఆసనం దిగితే నా తల వేయి వ్రక్కలు! నువ్వు గడప దగ్గరే నిలబడు. లోపల అడుగు పెట్టావో... ఇద్దరు ఆడవాళ్ళూ పోతారు."

సీసాలోని బీరు పుర్రెలోకి వంపాడు. మంత్రం లేచింది. మొదట గొణుగుడు... తర్వాత గర్జన... చివరకు గది గోడలు కంపించే హుంకారం! ధాత్రి జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. ఆమె కంఠం నుంచి వెలువడిన కేకకు కిటికీ అద్దం నిలువునా చీలింది.

అప్పుడు రామచంద్రరావు గొంతు మార్చాడు. లాలిస్తున్నట్టు, జోల పాడుతున్నట్టు...

"రా తల్లీ బార్బొరా... నీ బాబు ఇక్కడే ఉన్నాడు. ఇదిగో, ఈ గిన్నెలో నిద్రపోతున్నాడు. ఏడుస్తున్నాడు, వినబడటం లేదూ? ఆ దేహం వదిలి ఇందులోకి దిగు. బిడ్డను ఎత్తుకో..."

ధాత్రి చేతులు పుర్రె వైపు చాచుకున్నాయి. ముఖం పాలిపోయింది. పెదవులు నీలమయ్యాయి. ప్రాణం చుక్కచుక్కగా ఆ గిన్నెలోకి జారుతున్నట్టు ఒళ్ళు వాలిపోతోంది.

"ధాత్రికి ఏమైతోంది? ఆపండి!" అని అరిచాడు సిద్ధార్థ్.

రామచంద్రరావు తల తిప్పకుండానే నవ్వాడు. ఆ నవ్వులో హెడ్మాస్టరు లేడు. "కుండ పగలకుండా నీళ్ళు బయటికొస్తాయా బాబూ? కడుపుకోతతో చచ్చి, వందేళ్ళు ఎవరూ నీళ్ళు వదలని ఆత్మ ఇది! ఇలాంటి దాసి కోసం నలభై ఏళ్ళు కాచుకున్నాను. ఊరి పేరు అడిగావు, ఇచ్చాను. నీ బీర్ల యాత్ర నువ్వు చేసుకో పో!"

సిద్ధార్థ్ దిక్కులు చూశాడు. మంత్రం రాదు. తంత్రం తెలియదు. ఆ క్షణంలో అతనికి గుర్తొచ్చింది నాగలక్ష్మి మాట ఒక్కటే. అడిగినదానికి జవాబు చెప్పాలి...

"అబద్ధం!" గొంతు చించుకుని అరిచాడు. "అవ్వా, ఆ మాట నమ్మకు! నీ బాబు ఆ గిన్నెలో లేడు. నీ బాబు బతికిండు!"

ధాత్రి చేతులు గాలిలోనే ఆగాయి.

"నోర్ముయ్!" గర్జించాడు మాంత్రికుడు. సిద్ధార్థ్ ఛాతీ మీద సమ్మెటతో కొట్టినట్టయింది. నోట్లోకి రక్తం ఉబికింది. అయినా గడప పట్టుకుని లేచాడు.

"ఎనభై ఎనిమిదేండ్లు బతికిండు! కాకినాడల బడిపంతులయిండు. ఆయనకు ఆరుగురు పిల్లలు. పోయిన్నాడు పాడె మోసిన నలుగుర్ల నేను ఒకణ్ణి. ఈ భుజం మీదనే మోసిన! నీ కండ్లే ఆయన కండ్లు. ఈ పిల్ల ఆయన మనవరాలే... నీ రక్తమే అవ్వా!"

ఇసుకగాలి కూడా ఊపిరి బిగబట్టింది!

ధాత్రి తల మెల్లగా సిద్ధార్థ్ వైపు తిరిగింది. ఆ కళ్ళలో నీళ్ళు. వందేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నను ఆ గొంతు ఈసారి అడగలేదు. తల మళ్ళీ మెల్లగా రామచంద్రరావు వైపు తిరిగింది. కళ్ళలో ఇప్పుడు నీళ్ళు లేవు.

పుర్రెలోని బీరు బుసబుస పొంగింది! నురగ అంచులు దాటి నేల మీదికి కారింది. ఆగదే! సీసాడు పానీయం పీపాలు పీపాలుగా పొంగుతోంది. గదినిండా ఈస్టు వాసన, తడిసిన చెక్క వాసన, ఎన్నడూ ఎండ సోకని నేలమాళిగ వాసన... చెప్పుల స్టాండు మీద అన్నిటికంటే కింది దీపం ఠప్పున ఆరింది. దాని పైది ఆరింది. ఆ పైది...

కెమిస్టు బుద్ధికి చప్పున అర్థమైంది. వాయువు! నేల మీద నుంచి నీళ్ళలా పైకి లేస్తోంది. కూర్చున్నవాళ్ళు బతకరు!

గుండెల నిండా గాలి పీల్చుకుని వలయంలోకి దూకాడు. ధాత్రిని రెండు చేతులా ఎత్తి భుజం మీద వేసుకుని గుమ్మం వైపు పరుగెత్తాడు. వెనక మాంత్రికుడి కేక!

"బాబూ... తాడు తెంపు! తాడు తెంపు బాబూ!"

లేవబోయాడు రామచంద్రరావు. లేవలేడు! తన మంత్రమే తన నడుము పట్టింది. ముగింపు బీజం పలకబోయాడు. పలకడానికి ఊపిరి ఏది? నోరు తెరిస్తే లోపలికి పోయింది నేలమాళిగే. గొంతు పట్టుకుని, గుడ్లు వెళ్ళబెట్టి, నీళ్ళు లేని నీళ్ళలో మునిగిపోయాడు. నాలుగో దీపం... అయిదు... ఆరు... అన్నిటికంటే పైనున్న ఏడోదీపం ఆరేముందు గడప దగ్గరి నుంచి సిద్ధార్థ్ చూసింది ఇదీ. మాంత్రికుడికి ఎదురుగా, ధాత్రి కూర్చున్న చోట, పొడుగు గౌను వేసుకున్న ఒక పడుచు పిల్ల కూర్చుని ఉంది. కదలకుండా అతన్నే చూస్తోంది.

ఫళ్ళున పుర్రె పగిలింది. చీకటి!

పోలీసులు వచ్చేసరికి గదిలో ఏ వాయువూ లేదు. నేల మీద తడి లేదు. ముసలాయన కూర్చున్నచోటే నీలంగా బిగిసిపోయి ఉన్నాడు. వయసు మీద పడింది, ఊపిరందలేదు అని రాసుకుపోయారు. ధాత్రి ఆసుపత్రిలో రెండు రోజులకు కళ్ళు తెరిచి, తన గొంతుతో మంచినీళ్ళు అడిగింది. సిద్ధార్థ్ ఊపిరితిత్తుల్లో మాత్రం ఒకటి మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. మెట్లెక్కితే ఈనాటికీ ఆయాసమే.

సెప్టెంబరులో వెళ్ళారు. పంతొమ్మిది చుక్కల్లో ఒక్కదాని జోలికీ పోలేదు, నేరుగా లిపొవ్నా. బీరు బట్టీ ఎప్పుడో మూతపడింది. చర్చి కావలివాడు పాత పుస్తకం తిరగేసి, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళకు అప్పట్లో లోపల చోటు ఇచ్చేవారు కాదని సైగలతో చెప్పి, ప్రహరీ అవతల గడ్డి మొలిచిన నేల చూపించాడు. గుర్తు లేదు, రాయి లేదు.

ధాత్రి ఆ గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అరచెయ్యి నేల మీద ఆనించి, కాకినాడ యాసలో మొదలుపెట్టింది. తాతయ్య ఓడ దిగిన రోజు నుంచి, చెవుల్లో పోసిన ఆముదం నుంచి, మొదట్లో రాత్రిళ్ళు ఏడ్చేవాడట, మేనత్త భుజాన వేసుకుని తిప్పేదట అనే దగ్గర్నుంచి, ఒక్కటీ వదలకుండా. సిద్ధార్థ్ గోడకు ఆనుకుని, ఆయాసం అణుచుకుంటూ వింటూ ఉండిపోయాడు.

పొద్దు గుంకే వేళకు ఆమె ఇంకా తాతయ్య పెళ్ళి దగ్గరే ఉంది.