మున్‌హో వానలో పాదరసం

కూ జేపిల్ శవం మున్‌హో సరస్సులో తేలిన మర్నాడు, సియోల్ ఆఫీసు నుంచి ఏజెంట్ తక్ సంగ్‌మోకి పిలుపు వచ్చింది. తక్‌కి యాభై ఏడేళ్ళు. వాన వచ్చే ముందు ఎడమ మోకాలు సలుపుతుంది. ఆ ఉదయం సలుపుతూనే ఉంది.

"కూర్చో," అన్నాడు చీఫ్ బాన్. "జేపిల్ నీ స్నేహితుడు కదూ. తాగి పడవలోంచి పడ్డాడని పోలీసులు రాశారు."

"వాడు తాగడు సార్. నేను డబ్బా చేప తింటుంటేనే లాక్కుని పారేసేవాడు, పాదరసం ఉంటుందని."

"అందుకే నిన్ను పిలిచాను."

సరస్సు పక్కన కొండ మీద ఉన్న కేంద్రంలో జేపిల్ రెండేళ్ళుగా గాలిలోని, వానలోని పాదరసాన్ని కొలుస్తున్నాడు. సముద్రం అవతలి బట్టీల పొగ ఇక్కడ వానై కురుస్తోందని అతని లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కల మీదే రెండు దేశాల మధ్య ఒప్పందం నిలబడి ఉంది. బట్టీలు మూతపడితే నష్టపోయేది 'కంచుగంట' అనే ముఠా.

"రేపు రెండు దేశాల పరిశీలకులూ వచ్చి, తమ కళ్ళ ముందే వాననీళ్ళు పట్టిస్తారు," అన్నాడు చీఫ్. "గాలినైతే గొట్టంలో బంగారు రజను మీదుగా లాగుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుంటే వదలదు, తెల్లబారుస్తుంది. వానకి గరాటు, కింద సీసా, పైన మూత. పక్కనున్న చిన్న పలక మీద చినుకు పడగానే మూత తెరుచుకుంటుంది. బయటి పాదరసం ఒక్క బొట్టు ఆ సీసాలో పడిందా, జేపిల్‌వన్నీ దొంగలెక్కలంటారు."

"ముఠాలో మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"చే రిన్‌హా. పరిశీలకుల దుబాసీ. ముఠాకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది."

"ఎవరికి ఎక్కువ పనిచేస్తుంది సార్?"

చీఫ్ కోడ్ మాటలు రాసిన చీటీ ముందుకి తోశాడు.

మర్నాడు తక్ జాలరి టోపీ పెట్టుకుని, గాలం, చేపల సంచీ, నల్లగొడుగు పట్టుకుని కొండ కింద నూడుల్స్ కొట్టు ముందు నిలబడ్డాడు. ఎర్రకోటు వేసుకున్న పొడుగాటి అమ్మాయి కారు దిగింది. కొట్టులో తింటున్నవాళ్ళు చాప్‌స్టిక్స్ గాలిలోనే ఆపేశారు.

"ఇక్కడ నూడుల్స్ బావుంటాయా?" అని అడిగింది.

"ఆవాల ముద్ద లేకుండా తింటే బావుంటాయి."

కోడ్ సరిపోయింది. ఆమె లైటర్ కోసం సంచీలో వెతుకుతున్నట్టు తల వంచింది. "ముఠావాళ్ళు పడవల రేవు నుంచి వస్తున్నారు. మీరు రేవుకి వెళ్ళండి తక్‌గారూ. కొండ సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మాయ్?"

"మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకూ అన్నాళ్ళే."

తక్ రేవు వైపు నడిచాడు. రేవులో రెండు బాతులు తప్ప ఎవరూ లేరు. సిగరెట్ వెలిగించుకుంటుంటే ఆమె వేలు కళ్ళ ముందు మెదిలింది. బంగారు ఉంగరం ఒక పక్క పసుపుగా ఉంది, రెండో పక్క వెండిలా తెల్లబారింది.

సిగరెట్ పారేసి వెనక్కి తిరిగాడు. పరుగెత్తే వయసు కాదు, మోకాలు కాదు. అయినా పరుగెత్తాడు.

కొండ మీద ఎవరూ లేరు. పెన్నుకి బిగించిన చిన్న అద్దాన్ని గరాటుకీ మూతకీ మధ్య సందులోకి పోనిచ్చి చూశాడు. గరాటు లోపలి అంచుకి మైనపు గుళిక అతికించి ఉంది. దాని నుంచి సన్నటి దారం మూతకి కట్టి ఉంది. మూత లేస్తే గుళిక చిట్లుతుంది.

అప్పుడే ముక్కు మీద మొదటి చినుకు పడింది.

ఆలోచించే వ్యవధి లేదు. గొడుగు తెరిచి పలక మీద పట్టాడు. వాన ఊపందుకుంది. కరెంటు తీసేద్దామంటే, కరెంటు పోతే మూత దానంతటదే లేస్తుంది. గరాటుని కిందనుంచి మర తిప్పి ఊడదీయాలి. దానికి రెండు చేతులూ కావాలి. ఒకటి గొడుగుకే పోయింది.

"దాన్ని వదిలేయండి తక్‌గారూ."

రిన్‌హా చేతిలో చిన్న పిస్తోలు ఉంది. జుట్టు తడిసి చెంపలకి అంటుకుంది.

"అది ఉత్త మైకు," అందామె. "పరిశీలకుల మాటలు వినడానికి. అదీ పెట్టకపోతే ముఠావాళ్ళు నన్ను నమ్మరు."

"మైకని వాళ్ళు చెప్పారా?"

"మరి?"

"నీ ఉంగరం చూసుకో."

ఆమె చూసుకోలేదు. "జేపిల్ తాగి పడ్డాడు. నాకు అలాగే చెప్పారు."

"జేపిల్ తాగడు. గుళిక మైనం సరిగ్గా అతుక్కోలేదు, నీ వేలికి అంటింది పాదరసం. ఆ ఉంగరం ఎవరిచ్చారు?"

"మా అమ్మది."

ఆమె ఉంగరం వంక చూసింది. బొటనవేలితో రుద్దింది. తెలుపు పోలేదు. కింద మలుపులో పరిశీలకుల జీపులు గేరు మారుస్తున్న చప్పుడు వినిపించింది.

"కాలుస్తావా, గొడుగు పడతావా?" అన్నాడు తక్. "భుజం పడిపోతోంది. ఏదో ఒకటి తొందరగా కానీ."

రిన్‌హా పిస్తోలు కోటు జేబులో వేసుకుని వచ్చి గొడుగు అందుకుంది. గొడుగుని పలక మీదనుంచి జరగనివ్వలేదు. తక్ మోకాళ్ళ మీద కూర్చుని మర విప్పాడు. పాత గరాటుని నిలువుగా దించి, దారం తెంపి సంచీలో పెట్టాడు. పక్కనే ఉన్న జేపిల్ పనిముట్ల పెట్టెలో సీలు వేసి దాచిన కొత్త సీసా, గరాటు బిగించాడు. జీపుల తలుపులు తెరుచుకుంటున్నాయి.

"తియ్యి."

గొడుగు పక్కకి జరిగింది. పలక తడిసింది. మూత నిట్టూర్చినట్టు లేచింది. సముద్రం దాటి వచ్చిన వాన గరాటులో పడింది.

పరిశీలకులు వచ్చేసరికి ఒక జాలరి, ఒక దుబాసీ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు. ముసలాడు అదృష్టవంతుడని ఎవరో గొణిగారు.

"ముఠావాళ్ళు ముగ్గురూ రేవు పక్క హోటల్లో ఉన్నారు," అంది రిన్‌హా మెల్లగా. "పైగది." తర్వాత అడగకుండానే రెండు చేతులూ ముందుకి చాచింది. తక్ బేడీలు వేశాడు. ఉంగరం ఉన్న చేతికి కాస్త వదులుగా వేశాడు.

ల్యాబ్ ఫలితం వచ్చిన రోజు చీఫ్ ఫోన్ చేశాడు.

"ల్యాబ్‌వాళ్ళు ఏమంటారు?"

"వానలో పాదరసం ఉందంటున్నారు సార్. ఎప్పుడూ ఉండేంతే, జేపిల్ రాసినంతే."

"అయితే గెలిచాం."

"గెలిచాం సార్," అన్నాడు తక్, మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుంటూ. "మన వానలో విషం కల్తీ లేనిదని తేలింది."