సాయంత్రానికి తిరిగిచ్చే సోఫా

"చదువు మధ్యలో పెట్టె సర్దుకుని వచ్చావంటే ఏదో ఘనకార్యం వెలగబెట్టే ఉంటావు! చెప్పు... ఎన్ని పరీక్షలు తప్పావు?"

తండ్రి అరుపుకి పిట్ట బెదరలేదు. పెట్టె గుమ్మంలోనే వదిలేసి గోడకి చేరగిలబడింది. ఆ పిల్ల అసలు పేరు కాలేజీలో తప్ప ఎవరూ పిలవరు, ఇంట్లో అందరికీ పిట్టే. మూడో సంవత్సరం చదువుతున్న పిల్ల, పరీక్షలు ముంచుకొస్తుంటే హాస్టల్ వదిలి ఇంటికొచ్చి వాలితే కన్నతల్లి ప్రాణం ఎలా ఉంటుంది! హోటల్ దుప్పట్లు ఉతికి మడతపెట్టే పనిలోంచి అప్పుడే వచ్చిన ఆమె, సబ్బుకి పాలిపోయిన చేతులతోనే కూతురి ముఖం పట్టుకుంది.

"ఏమైందమ్మా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"సాయం ఆపేశారమ్మా! కాలేజీ నిధిలోంచి నాకు ఫీజు కట్టేవాళ్ళు కదా, అది ఆపేశారు. ఫీజంతా మీరే కడితే హాల్ టికెట్ ఇస్తాం, లేకపోతే ఇంటికెళ్ళమన్నారు. ఇంతవరకూ ఒక్క పరీక్ష తప్పలేదు నేను... నాన్నకి మాత్రం మొదట తోచింది అదే!"

"మరి ఎందుకాపారు?"

"మనకి అవసరం లేదట! కాలేజీ తరఫున ఇల్లు చూడ్డానికొచ్చిన మేడమ్ అలా రాసిందట. వెల్వెట్ సోఫా సెట్టు, గాజు బల్ల, నేలంతా తివాచీ, నిలువెత్తు అద్దం... అన్నీ మనింట్లో ఉన్నాయట!"

తల్లి ఇల్లంతా ఒకసారి కలయజూసింది. చూడ్డానికి ఎంతసేపు పడుతుంది గనక! ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో ఒకదానికి వీపు లేదు. "పాపం, ఆవిడ ఇల్లు తప్పి ఎవరింటికో వెళ్ళుంటుంది..." అంటూ భర్త వైపు తిరిగిన ఆమె నోట మాట అక్కడే ఆగిపోయింది. అంతసేపూ నిప్పులు కక్కిన మనిషి ఇప్పుడు చొక్కా గుండీలు సవరించుకుంటున్నాడు!

ఆయన పెళ్ళిళ్ళకీ పార్టీలకీ సామాను అద్దెకిచ్చే షాపులో వ్యాను నడుపుతాడు. ఇంటికి కాస్త పెద్దమనుషులెవరైనా వస్తున్నారంటే చాలు, యజమాని కళ్ళు కప్పి సోఫా ఒకటి దింపించి, సాయంత్రానికి గుట్టుగా తిరిగి పట్టుకెళ్ళడం ఆయనకో జబ్బు. చుట్టాలు ఆ సోఫాలో కూలబడి "బాగా స్థిరపడ్డావు బావా!" అంటే ఆయన పొంగిపోయేవాడు. ఆమె కూడా పక్కనే నిలబడి నవ్వేది. ఏం చేస్తుంది మరి! కానీ ఈసారి ఆ సంగతి ఆమెకి చెప్పనైనా లేదు. ఆమె పనిలో ఉన్నప్పుడు తెచ్చి, వచ్చేలోపల పంపేశాడు.

"అంత గాభరా ఎందుకే?" అత్తగారు మంచం మీద నుంచి అందుకుంది. "ఆ వచ్చినావిడ ఎంత ముచ్చటపడిందో తెలుసా! ఇల్లు చాలా బాగుందండీ అని నాతోనే అంది. మావాడి ముఖం చూడాలి అప్పుడు!"

"అత్తయ్యా! మీకిది ముచ్చటగా ఉందా?"

"నా తల్లి మీద అరవకు!" భర్త విరుచుకుపడ్డాడు. "ఆడపిల్ల ఎలాంటి ఇంట్లోంచి వస్తోందో చూడ్డానికొస్తున్నారనుకున్నాను. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆ విరిగిన కుర్చీలో కూర్చోబెట్టమంటావా?"

"ఆవిడ వచ్చింది ఆ విరిగిన కుర్చీ చూడ్డానికేనండీ!" అందామె.

పిట్ట తండ్రి దగ్గరికి వచ్చింది. "నాన్నా, శుక్రవారంలోగా నువ్వొచ్చి ఆ సామాను మనది కాదని ఒక్క మాట చెబితే చాలు. ఇంటి పెద్దే చెప్పాలన్నారు."

"నాకు గతి లేదని నా నోటితో నేనే చెప్పుకోవాలా? చచ్చినా చెప్పను! ఇప్పుడు మానేస్తే కొంప మునిగిపోదు. వచ్చే ఏడు చదువుకో, ఎవరొద్దన్నారు!"

"వచ్చే ఏడా?" పిట్ట నవ్వింది. "మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం నాన్నా. ఒకమ్మాయికి సాయం రావడం ఆలస్యమైంది. వచ్చే ఏడు వస్తానని పరుపు కూడా మంచం మీదే వదిలేసి వెళ్ళింది. ఇప్పుడు బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడుతోంది. ఇంకో అమ్మాయి కూడా అలాగే వెళ్ళింది, ఇప్పుడు నా ఫోనే ఎత్తదు. ఒకసారి ఇంటికెళ్ళాక మళ్ళీ వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఒక్కళ్ళు కూడా లేరు!"

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె పని ఎగ్గొట్టి కూతురితో కాలేజీకి వెళ్ళింది. ఆ మేడమ్ ముఖం ముడుచుకునే అంతా విన్నది. "నేను కళ్ళారా చూసింది రాశాను. ఆ రోజు మీ ఆయన చూపించింది అబద్ధమో, ఇవాళ మీరు చెప్పేది అబద్ధమో నాకెలా తెలుస్తుంది? శుక్రవారం పొద్దున వస్తాను. ఆయన నోటితోనే వినాలి" అంది. ఆ మాటే ఇంట్లో చెబితే భర్త కిక్కురుమనలేదు. దాన్ని ఒప్పుకోలనుకుని మురిసిపోయింది పిచ్చి తల్లి!

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు వ్యాను ఆగింది. అందులోంచి ఇద్దరు కూలీలు దింపుతున్నది... అదే వెల్వెట్ సోఫా!

ఆమె పరుగున వచ్చి రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇది లోపలికి రావడానికి వీల్లేదు!"

"తప్పుకో! ఆ రోజున్న సామాను ఇవాళ లేకపోతే నన్ను అబద్ధాలకోరంటారే!"

"అననివ్వండి!"

"చూశారా, చూశారా! మొగుడి మీదికే తిరగబడుతోంది మహాతల్లి!" అత్తగారి గోలకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. భర్త ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఎదురు చెప్పని ఆ మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"పెళ్ళైన దగ్గర్నుంచీ మీ పరువుకి కాపలా కాస్తూనే ఉన్నాను. మీ చుట్టాల ముందు నవ్వమంటే నవ్వాను... ఇప్పుడు మీ సోఫా తెచ్చి నా బిడ్డ నెత్తిమీద వేస్తానంటే మాత్రం ఊరుకోను! కావాలంటే నన్ను తొక్కుకుంటూ లోపలికి వెళ్ళండి!"

సరిగ్గా అప్పుడే వచ్చింది మేడమ్. నడివీధిలో ఇద్దరు మనుషుల చేతుల్లో వేలాడుతున్న సోఫాని చూసి ఆగింది.

"ఇది ఎవరిదండీ?"

ఆయన తన తల్లి వైపు చూశాడు. ఆవిడ "మాదేనని చెప్పరా!" అన్నట్టు కళ్ళెగరేస్తోంది. ఇరుగుపొరుగు వైపు చూశాడు. పిట్ట మాత్రం తండ్రి వైపు చూడ్డంలేదు. వ్యాను చక్రం దగ్గర నిలబడి, పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడవకుండా అలాగే నిలబడేది.

"షాపుది..." అన్నాడాయన గొణుగుతూ.

"వినపడలేదు."

"షాపుదండీ! నాది కాదు! సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి!" వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. "నావి చూస్తారా? రండి! అందరూ రండి! ఇదిగో మంచం, కోడు విరిగితే ఇటుకలు పెట్టాను. ఇదిగో కుర్చీ! ఇదిగో, ఈ మూల వానొస్తే కురుస్తుంది, అక్కడ మా అమ్మ పడుకుంటుంది. రాసుకోండి, బాగా రాసుకోండి!"

మేడమ్ ఎక్కువసేపు ఉండలేదు. "సోమవారం అమ్మాయిని పంపించండి" అని తల వంచుకుని వెళ్ళిపోయింది. వీధి తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఆయన వచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు. "నలుగురిలో నన్ను నిలువునా చంపావు. తృప్తిగా ఉందా?"

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. అయినా తడబడలేదు.

"ఉందండీ" అంది.

ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం కూడా తల్లి చేతే పెట్టించుకుంటున్నాడు. అత్తగారు వచ్చేపోయేవాళ్ళకి కోడలి ఘనత చెబుతూనే ఉంది. ఆమె వింటూనే పనికి వెళ్తోంది, వస్తోంది.

పరీక్షలు మొదలవుతాయనగా పిట్ట ఫోన్ చేసింది. "హాల్ టికెట్ ఇచ్చారమ్మా! నాన్న... ఎలా ఉన్నారు? ఇంకా పలకడం లేదా? అమ్మా, పోనీ ఒకసారి వచ్చి నాన్న కాళ్ళు పట్టుకోనా? నా మూలంగా మీరిద్దరూ ఇలా..."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెక్కిళ్ళు అణిగాక గొంతు కటువు చేసుకుంది.

"వద్దు! మా సంగతి మేం చూసుకుంటాం. చదువు పూర్తయ్యేదాకా ఈ గుమ్మం తొక్కావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను... రాకు తల్లీ!"