కుర్చీ ఊగుతోంది, మూడో అంతస్తు

మరదలికి భయమల్లా ఒకటే: తనను నమ్ముకున్న మనిషి పిలిచినప్పుడు, ఆ పిలుపు కళ్ళెదుటే పడి ఉన్నా తాను గుర్తుపట్టకపోవడం. ఇంట్లో పాప నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినా లేచి కూర్చునే మనిషి. గూఢచారి పనికి ఆ భయమే నీ అర్హత అని బాబాయి అంటుండేవాడు.

బాబాయి అంటే చుట్టమేం కాదు, శాఖకి చీఫ్. ఆ శాఖలో ఎవరికీ పేర్లుండవు, వరసలే ఉంటాయి. ఇస్త్రీ దుకాణం వెనక గదిలో, ఆవిరి మధ్య కూర్చుని ఆయన బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఊళ్ళో ఆసుపత్రులన్నిటి కంప్యూటర్లూ ఒకే కంపెనీ చూస్తుంది. అందులో విదేశీ ముఠా దూరింది. నల్లకళ్ళద్దాలాయన ఒకడు, పేరుకి కన్సల్టెంట్. మన వదిన వాళ్ళతో కలిసిపోయింది."

"మన వదినేనా?"

"వాళ్ళు మాత్రం తమ వదినే అనుకుంటున్నారు. రెండు వైపులా జీతం, రెండు వైపులా గండం."

"నా కవర్?"

"హెల్ప్ డెస్క్. ఏం చెడిపోయినా జనం టికెట్ రాస్తారు, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు. అది నెట్‌వర్క్ వాళ్ళదా, సర్వర్ వాళ్ళదా, అప్లికేషన్ వాళ్ళదా, ఫర్నిచర్ వాళ్ళదా చూసి పంపడం నీ పని. వదిన ఫోన్ వాళ్ళ చేతుల్లో ఉంది. కానీ టికెట్ రాస్తే ఎవరు అనుమానిస్తారు? ప్రింటర్లో కాగితం ఇరుక్కుందంటే అంతా క్షేమం. కుర్చీ ఊగుతోందంటే దొరికిపోయింది, వెళ్ళి తెచ్చుకోవాలి."

"అంత మామూలు మాటా బాబాయ్?"

"మామూలు మాటైతేనే ఎవడూ పట్టించుకోడు."

విగ్గు, దళసరి కళ్ళద్దాలు, మెడలో కార్డు. చెవికి తగిలించుకున్న హెడ్‌సెట్‌లో ఒక లైను ఆఫీసుది, రెండోది బాబాయిది. మరదలు కొలువులో చేరింది.

వదిన మూడో అంతస్తులో ఉండేది. లిఫ్ట్ దిగితే సెంటు వాసన ముందొచ్చేది, మనిషి తర్వాత. ఇద్దరూ కలిసేది ఒక్క చోటే, ఆడవాళ్ళ వాష్‌రూమ్ అద్దం ముందు. వదిన చేతిలోని లిప్‌స్టిక్ గొట్టంలో కెమెరా ఉండేది.

"పాపకి జ్వరం తగ్గిందా?" అంది ఓసారి పెదవులు దిద్దుకుంటూ.

"తగ్గింది. రాత్రంతా చంక దిగలేదు."

"అదృష్టవంతురాలు. ఏడిస్తే ఎత్తుకునేవాళ్ళున్నారు." నవ్వింది. "నీ విగ్గు పక్కకి జరిగింది, సరిచేసుకో. ఇంత చక్కటి మొహానికి ఆ పిచ్చుక గూడేంటే!"

చిక్కంతా మరదలి పనితనంతో వచ్చింది. ఆ ఆఫీసులో ఒకే ఫిర్యాదు నాలుగు టీముల క్యూల్లోనూ తిరిగేది. ఎవరిని అడిగినా "మాది కాదు" అనేవాళ్ళు. మేనేజర్ నెత్తి బాదుకుంటుంటే చూడలేక అన్ని క్యూలనీ ఆమె ఒక దారికి తెచ్చింది. ఒకే అంతస్తు నుంచి ఒకే మాటతో వచ్చిన టికెట్లను సాఫ్ట్‌వేర్ తనంతట తానే మొదటిదాని కింద కలిపేసేలా రూల్ పెట్టింది. మిగతావి ఎవరూ విడిగా తెరవనక్కర్లేదు, మొదటిది బాగైతే వాటంతటవే మూతపడతాయి. మేనేజర్ పొంగిపోయాడు. పెద్దవాళ్ళను పిలిచి పెద్ద తెర మీద డెమో పెట్టాడు.

"ఇది చూడండి సార్. మూడో అంతస్తులో ఒకే కుర్చీకి ఎన్ని ఫిర్యాదులో! మన అమ్మాయి అన్నిటినీ ఒకే మూటలో కట్టేసింది. మధ్యాహ్నం వడ్రంగి వచ్చి మేకు కొట్టాడు, అన్నీ క్లోజ్!"

నిజంగా ఒక కుర్చీ విరిగిందట. ఆ మూటలోంచి మేనేజర్ ఒకటి తెరిచాడు. గోడంత తెర మీద వదిన మాటలు వెలిగాయి.

*కుర్చీ ఊగుతోంది. జనరేటర్ అప్‌డేట్ కోసం వచ్చినవాళ్ళు కూడా చూశారు. నాలుగింటి లోపు ఎవరైనా రాగలరా?*

పొద్దున రాసింది. అందరూ నవ్వారు. మరదలు ఒక్కతే నవ్వలేదు. గోడ గడియారంలో మూడున్నర దాటింది.

పరుగున సీటుకొచ్చి, రెండో లైను నొక్కింది. "బాబాయ్! వదిన దొరికిపోయింది. మనుషుల్ని పంపండి!"

"పంపుతున్నా. ముందు ఆ జనరేటర్ సంగతి చూడు."

వెతికి పట్టుకుంది. ఆసుపత్రుల జనరేటర్లన్నిటికీ కొత్త ప్రోగ్రాం ఎక్కించే టికెట్. నాలుగింటికి అది తనంతట తాను నడుస్తుంది, జనరేటర్లు చచ్చుబడతాయి. అంటే ఆ క్షణానే ముఠా ఊరి కరెంటు తీసేస్తుందన్నమాట. ఆపరేషన్ బల్లల మీద మనుషులు, గాజుపెట్టెల్లో పసికందులు. మూడు టీములూ అప్రూవ్ నొక్కేసి ఉన్నాయి.

"నెట్‌వర్క్ అన్నా, అది మీరు చదివారా?"

"సర్వర్ వాళ్ళు ఓకే అన్నారమ్మా, మేమూ అన్నాం."

"సర్వర్ అన్నా?"

"అప్లికేషన్ వాళ్ళు చూసే ఉంటారు కదా!"

"అప్లికేషన్ అక్కా, దాన్ని ఆపండి!"

"మా క్యూలో లేదే. ఒక టికెట్ రాయి, చూస్తాం."

దాన్ని రద్దు చేసే అధికారం మరదలికి లేదు. ఒక టీము నుంచి ఇంకో టీముకి తోసే అధికారమే ఉంది. అలా తోస్తే పాత అప్రూవల్స్ చెరిగిపోయి కథ మళ్ళీ మొదటికొస్తుంది. తోసింది. మరుక్షణం అది వెనక్కొచ్చింది. పైనుంచి నల్లకళ్ళద్దాలాయన లాగుతున్నాడు. అలవాటు కొద్దీ టీములు మళ్ళీ అప్రూవ్ నొక్కుతున్నాయి. సర్వర్‌కి తోసింది, తిరిగొచ్చింది. ఫర్నిచర్‌కి తోసింది, వడ్రంగి కూడా అప్రూవ్ నొక్కాడు.

కీబోర్డ్ వదిలితే ఊరు పోతుంది. వదలకపోతే వదిన పోతుంది.

"బాబాయ్, మనుషులేరీ?"

"ఆపరేషన్స్ వాళ్ళకి చెప్పానమ్మా. వాళ్ళు బండి కోసం ట్రాన్స్‌పోర్ట్‌కి పంపారు."

"ట్రాన్స్‌పోర్ట్ ఏమంటోంది?"

"ఆపరేషన్స్‌ని అడగమంటోంది."

మరదలు కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. నాలుగు కొట్టేసరికి టికెట్ ఎవరి దగ్గరా లేదు, రెండు టీముల మధ్య దారిలో ఉంది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: గడువు దాటింది, రద్దు. బయట కరెంటు ఒక్కసారి పోయింది. దూరంగా ఆసుపత్రి జనరేటర్ గుర్రుమని అందుకుంది.

మెట్లెక్కి మూడో అంతస్తుకి పరుగెత్తింది. గదిలో ఎవరూ లేరు. బల్ల మీద లిప్‌స్టిక్ గొట్టం, పక్కన దాని మూత. వెనక మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది. బ్యాటరీ మీద నడుస్తున్న కంప్యూటర్లో వదిన టికెట్ ఇంకా తెరిచే ఉంది. మీ సమస్య పరిష్కారమైందని సాఫ్ట్‌వేర్ పంపిన కబురు, దాని కింద వదిన జవాబులు. మూతపడ్డ టికెట్‌కి జవాబు రాస్తే ఎవరి తెర మీదా కనపడదు.

*లేదండీ, ఇంకా ఊగుతోంది.*

*ఇంకా ఊగుతోంది. ఎవరైనా ఉన్నారా?*

చివరిది నాలుగింటికి కాస్త ముందు రాసింది. ఆ గదిలో నుంచే ఆమెకు జనరేటర్ టికెట్ అటూ ఇటూ పరుగెత్తడం కనపడి ఉండాలి. తోస్తున్నది ఎవరో తెలిసే ఉండాలి.

*పర్లేదమ్మా. నువ్వు కానివ్వు.*

అది ఏ కోడూ కాదు. మరదలు ఆ కుర్చీలోనే కూలబడింది.

ముఠాలో ఇద్దరు దొరికారు. నల్లకళ్ళద్దాలాయన దొరకలేదు, వదినా దొరకలేదు. శవం కనపడలేదు గనక ఆశ వదలొద్దని బాబాయి అన్నాడు, తలెత్తకుండా. మిషన్ సక్సెస్ అని రాశారు. పేరుకుపోయిన టికెట్లు తగ్గించినందుకు మేనేజర్ మరదలికి పూలగుత్తి ఇచ్చాడు. వదినను వెతికే ఫైల్ ఎక్కడుందని శాఖలో అడిగితే ఆపరేషన్స్ దగ్గరంటారు, ఆపరేషన్స్‌లో అడిగితే సిబ్బంది విభాగమంటారు. మరదలు రోజూ అడుగుతోంది. రోజూ ఆ జవాబే.

అందుకే మిమ్మల్ని అడగడం. మీ వీధిలోకి ఈమధ్య ఒంటరిగా ఒకావిడ దిగిందేమో చూడండి. ఎవరితోనూ కలవదు, బయటికొస్తే మాత్రం పెదవులు చక్కగా దిద్దుకుని వస్తుంది. ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. బాగానే ఉన్నానంటుంది. నమ్మకండి, కాసేపు కూర్చోండి. ఇంకెవరికో చెప్పి పంపకండి. మీరే వెళ్ళండి.