అతుకు వినిపిస్తోందండీ

క్రాంతికుమార్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పియానో మీట నొక్కి పట్టుకున్నాడు. ఫ్యాన్ ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు, కిటికీలు మూయించాడు. స్వరం సన్నగా, ఇంకా సన్నగా జారిపోతోంది. మరో క్షణంలో పూర్తిగా ఆగిపోతుంది.

కర్‌ర్‌ర్!

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఒక అమ్మాయి, చేతిలో సగం చేగోడీ.

"ఏందండీ గిది? రికార్డింగ్ నడుస్తుంటే గిట్ల నములుతరా?"

"మా ఇల్లండీ ఇది. మా ఇంట్లో మేం చేగోడీలు తినకూడదా?"

"తినుండ్రి. జర చప్పుడు కాకుండ తినుండ్రి."

"చప్పుడు కాలేదంటే అది మెత్తబడ్డ చేగోడీ అని అర్థం," అంటూ ఆమె మిగతా సగం కూడా నోట్లో వేసుకుంది.

ఆమె పేరు లాస్య. ఒక సంగీత దర్శకుడి దగ్గర కీబోర్డ్ వాయిస్తుంది. జూబ్లీహిల్స్‌లోని ఆ ఇల్లు, ఆ పాత పియానో ఆమె అమ్మమ్మ అమ్మాజీవి. ఒకప్పుడు ఎన్నో సినిమా పాటలకు వాయించిన చేతులు అమ్మాజీవి. ఆ పియానో గొంతును తన చిన్న కీబోర్డ్‌లోకి ఎక్కించుకోవాలని లాస్య కోరిక. ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో నడిపే కమలాకర్ ఆ పని ఒప్పుకుని, తన సౌండ్ ఇంజనీర్ క్రాంతిని పంపాడు.

రికార్డింగ్ సులువే. అసలు పని ఆ తర్వాత. కీబోర్డ్ మెమరీలో చోటు తక్కువ. అందుకని ఒక్కో స్వరంలో మొదటి కాస్త భాగం ఉంచుకుని, ఆ తర్వాతి చిన్న ముక్కను ఆగకుండా తిప్పుతూ మెల్లగా తగ్గించాలి. దాన్నే లూప్ అంటారు. ముక్క చివర, ముక్క మొదలు సరిగ్గా కలవకపోతే 'టక్' మంటుంది. పైగా చాలా మీటలకు మూడేసి తీగలు. వాటి శ్రుతుల మధ్య వెంట్రుకంత తేడా వల్ల ధ్వని ఊయలలా ఊగుతుంది. ఊపు మధ్యలో కోస్తే మంచి చెవికి తెలిసిపోతుంది.

లాస్యది మరీ మంచి చెవి.

మొదటిసారి లూప్‌లు తెచ్చినప్పుడు కళ్లు మూసుకుని విని, "అతుకు వినిపిస్తోందండీ," అంది. క్రాంతి మళ్లీ విన్నాడు. నిజమే! మనసులోనే ఆమె చెవికి దండం పెట్టాడు.

"ఇక్కడ చూడండి, ఊపు పూర్తి కాకుండానే కోసేశారు." ఆమె వేలు గాలిలో మెల్లగా ఊగింది. క్రాంతి వేలిని చూశాడు, ఆ తర్వాత ముఖాన్ని చూశాడు, లాప్‌టాప్‌ను చూడటం మరిచిపోయాడు.

మరోసారి తెచ్చాడు. మళ్లీ అతుకు. అదీ నిజమే. దిద్దుకొచ్చాడు. మళ్లీ అతుకేనంది. కానీ ఈసారి ఎంత విన్నా అతనికి ఏమీ వినిపించలేదు. ఆ తర్వాతా అంతే.

"ఏంది క్రాంతీ, ఒక్క పియానోకు గిన్ని రోజులా?" కమలాకర్ విసుక్కున్నాడు. "నీ చెవులు గిట్ల ఖరాబైనయా?"

ఆ మాట క్రాంతి గుండెలో దిగబడింది. బంజారాహిల్స్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. క్రాంతికి నమ్మకం కుదరలేదు. తనకు ఈ పని రాదు, అంతే. మానేస్తానని కమలాకర్‌కు చెప్పేసి, ఆ మాటే లాస్యకూ చెబుదామని వానలో తడుస్తూ జూబ్లీహిల్స్ చేరాడు.

లాస్య టవల్ అందించింది. అతను దిగులుగా లాప్‌టాప్ తెరిచి, చివరిసారిగా ఒక స్వరం వినిపించాడు. ఆమె శ్రద్ధగా కళ్లు మూసుకుంది.

"అతుకు వినిపిస్తోందండీ. మీరు మళ్లీ రావాలేమో!"

క్రాంతి తెర వైపు చూసి కొయ్యబారిపోయాడు. దిగులులో అతను తెరిచింది అసలు రికార్డింగ్. ఎక్కడా కోయలేదు, ఎక్కడా అతకలేదు.

"యాడ వినిపిచ్చింది అతుకు?"

"అదే... మధ్యలో."

"గిది లూపే కాదు లాస్య గారూ. మీ అమ్మమ్మ పియానో ఉన్నదున్నట్టు."

లాస్య చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ అవతల వాన కూడా ఆగి వింటున్నట్టు కాస్త తగ్గింది.

"మొదట రెండుసార్లు నిజంగానే వినిపించిందండీ. తర్వాతవి... చాలా బాగున్నాయి. బాగున్నాయంటే మీరు ఇక రారు కదా!"

అతనికి నవ్వు రాలేదు. "చెవుల డాక్టర్ దగ్గరికి పోయిన నేను. నా చెవులు పోయినయనుకున్న. పని ఇడిసిపెడతనని మా సార్‌కు చెప్పొచ్చిన."

లాస్య ముఖం పాలిపోయింది. "అయ్యో! అంత దూరం ఆలోచించలేదండీ. నాదే తప్పు." కళ్లు తుడుచుకుని, అప్పటికప్పుడు కమలాకర్‌కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. "సార్, మీ క్రాంతి గారి లూప్‌లలో ఒక్క అతుకూ లేదు. ఆయన రావాలని నేనే అబద్ధమాడాను."

అవతల పెద్ద నవ్వు. "గా ముచ్చట ముందే చెప్తే పిలగాన్ని గిన్ని మాటలంటుంటినా తల్లీ? రేపు స్టూడియోకు రమ్మను."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ నేల చూపులు చూశారు.

"రమ్మంటే వస్తుంటి కదా," అన్నాడు క్రాంతి. "గింత తిప్పలెందుకు?"

"రమ్మంటే, ఏం పని అని అడుగుతారుగా?"

"అడుగుత. ఏం పని?"

"ఏం పనీ లేదు. మీరంటే ఇష్టం, అంతే."

"నాక్కూడ. మీరు ఏలుతోని ఊపు చూపిచ్చిన రోజు సంది. గా రోజు ఒక్క లూప్ సక్కగ కోసిన్నా?"

లోపలి గదిలోంచి అమ్మాజీ వచ్చింది. "నువ్వు చేసిన లూప్‌లన్నీ మా లాస్య ఎప్పుడో కీబోర్డ్‌లోకి ఎక్కించేసింది బాబూ. రోజూ వాయిస్తున్నాను. నా పియానోయే అనుకున్నాను."

అంత మెప్పు క్రాంతికి అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

"మీ అమ్మగారి పేరేంటి?" అని అడిగింది అమ్మాజీ.

"దేవమ్మండీ. వెంగళరావు నగర్ల ఉంటం."

"ఫోన్ కలుపు."

"అమ్మమ్మా! మేమే ఇప్పుడిప్పుడే..."

"ఆలస్యం చేస్తే నువ్వు ఇంకో అబద్ధమాడతావు."

క్రాంతి ఫోన్ కలిపి ఇచ్చాడు.

"ఎవలమ్మా?" అంది దేవమ్మ, కొడుకు ఫోన్‌లో కొత్త గొంతు విని.

"మీకు కాబోయే వియ్యపురాలి తల్లినండీ," అంది అమ్మాజీ తాపీగా.

అవతల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత మెల్లగా గొంతు వినిపించింది. "గట్లనా... అయితే ఆయితారం నాడు అందరు అన్నానికి రాండ్రి. పిల్లను గూడ తోలుకరాండ్రి, సూడాలె."