బెత్తెడు ఎత్తున బండి

"నత్తా! సైంటిస్టుని సేఫ్ హౌస్‌కి తీసుకెళ్తున్న ఎస్‌యూవీలో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. నీ షెడ్డుకే వస్తోంది. సంగతేంటో తేల్చు." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఆ ఇల్లెక్కడో విదేశీ ముఠాకి తెలిసిందా, ఆయన ప్రాణం దక్కదు."

"అలాగే సార్," అన్నాడు ఏజెంట్ నత్త. మెకానిక్ వేషం వేసీ వేసీ పాపం అతని నడుము నిజంగానే మెకానిక్ నడుమైపోయింది. ఇంకెన్నాళ్ళురా బాబూ ఈ చాకిరీ అనిపించింది.

బండి వచ్చింది. వెనక సీట్లోంచి బక్కపల్చటి ముసలి సైంటిస్టు దిగి స్టూలు మీద కూలబడ్డాడు. స్టీరింగ్ వదిలి దిగింది ఏజెంట్ నెమలి. చీఫ్‌కి కుడిభుజం. ఆమె నల్లకళ్ళద్దాలు తీస్తే డిపార్ట్‌మెంట్‌లో సగంమంది పని మానేస్తారు. నత్త కూడా ఏజెంటేనని ఆమెకి తెలీదు.

"పెట్రోల్ మూత వదులైందంతే. లైటు ఆర్పేసి పంపించెయ్."

"చాలాసార్లు అంతే మేడమ్."

ట్యాంకు ఆవిరి ఎక్కడో లీకవుతోందని స్కానర్ చెప్పింది. కొత్త మూత పెట్టినా అదే మాట. నత్త నిట్టూర్చి, బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, లీకు పట్టించే పొగ మెషిన్ గొట్టం ట్యాంకుకి తగిలించాడు. మూత దగ్గర పొగ లేదు. వెనక చక్రం పక్కన, ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా అతుకులోంచి సన్నగా పొగ వచ్చింది. ఎవరో దాన్ని కోసి, మళ్ళీ అతికించారు. అతుకు ఊడదీస్తే లోపల బొగ్గుకి బదులు, బండి ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌మిటర్! ఇంత పని చెయ్యాలంటే బండి గంటలకొద్దీ చేతిలో ఉండాలి. ఈ బండి తాళాలు ఉండేది ఒక్క నెమలి దగ్గరే.

"సార్, నెమలి అవతలి పార్టీ మనిషి," అని గొణిగాడు.

ఆ గొణుగుడు ఆమె చెవిన పడనే పడింది. పిస్టల్ సైంటిస్టు మెడకి ఆనింది. "బండి దించు!"

నత్త బటన్ నొక్కాడు. లిఫ్ట్ దిగింది. నెమలి ముసలాయన్ని లోపలికి తోసి, తనూ ఎక్కి, యాక్సిలరేటర్ బలంగా తొక్కింది. ఇంజిన్ గర్జించింది, చక్రాలు గిర్రున తిరిగాయి. బండి మాత్రం కదిలితే ఒట్టు. నేలకి బెత్తెడు ఎత్తులోనే నత్త లిఫ్ట్ ఆపేశాడు మరి! ఆమె తెల్లబోయి చూస్తుండగానే కిటికీలోంచి చెయ్యి పెట్టి పిస్టల్ లాగేసుకున్నాడు.

"బతికించావు నాయనా," అని సైంటిస్టు బావురుమన్నాడు. ఆ మాటకి నత్త అలసట సగం దిగిపోయింది.

ఇంతలో ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, మన బండిలో ఆ పసుపు లైటు మళ్ళీ వెలిగింది. ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను, ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోయింది?"

నత్త గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"మూత వదులైందంతేనే. బిగించెయ్."